సంఘం నేర్పిన పనులు: నల్లగొండ నేల మీద నాయకత్వం ఎట్లా తయారైంది

నల్లగొండ జిల్లాలో పాత తరంవాళ్ళు 'సంఘం' అంటే ఏ సంఘమని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కాగితం మీద ఆంధ్ర మహాసభ అని ఉన్నదాన్ని జనం సంఘం అన్నారు. అందులో చేరినవాళ్ళను సంఘపోళ్ళు అన్నారు. ఇప్పుడు మన తండాల్లో, గూడేల్లో ఆ మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. మహిళల పొదుపు సంఘం ఉంది, యువజన సంఘం ఉంది, ఉద్యోగుల సంఘం ఉంది, సేవాలాల్ జయంతి చేసే కమిటీ ఉంది. వినాయక చవితికి పుట్టి నిమజ్జనం నాడు విగ్రహంతోపాటు చెరువులో కలిసిపోయే సంఘాలు కూడా ఉన్నాయి. ఆనాటి సంఘం, చదువు లేని మనిషిని పదిమందిని నడిపించే మనిషిగా ఎట్లా మార్చింది, తండాల దాకా వచ్చేసరికి ఆ పని ఎందుకు సగంలో ఆగింది అన్నదే మేము ఇక్కడ చెప్పదలచుకున్నది.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, 2018లో తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చాక వెయ్యికి పైగా తండాలు, గూడేలు విడి పంచాయతీలు అయ్యాయి. 2019 జనవరిలో ఎన్నికలు జరిగాయి. అంతకుముందు పెద్ద ఊరి పంచాయతీలో ఒక వార్డుగా ఉన్న తండాకు సొంత సర్పంచి వచ్చాడు, లేదా వచ్చింది. 'మా తండాలో మా రాజ్యం' అని ఏళ్ళ తరబడి అడిగిన కోరిక అది. కుర్చీని చట్టం ఇచ్చింది. ఆ కుర్చీ చుట్టూ పని తెలిసిన పదిమందిని మాత్రం చట్టం ఇవ్వదు. ఆ పదిమంది వేరే చోట తయారు కావాలి.

తండాకు నాయకత్వం కొత్త కాదు. నాయక్ ఉన్నాడు, ఆయనకు సలహా చెప్పే కార్భారి ఉన్నాడు. తగవు వస్తే పెద్దలు కూర్చుని ఇరుపక్షాలా విని తీర్పు చెప్పే పద్ధతి ఉంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన కాలంలో వందల పశువులను, కుటుంబాలను ఒక దారిన నడిపించింది ఈ ఏర్పాటే. పశువులకు నీళ్ళెక్కడ, గడ్డి ఎక్కడ, దారిలో ఏ దొరతో ఎట్లా మాట్లాడాలి అన్నది తెలియకపోతే నాయక్ అనిపించుకోవడం కుదరదు. రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ వర్తకం పోయాక తండా ఒక చోట నిలిచింది. పదవి మాత్రం తండ్రి నుంచి కొడుక్కు పోతూనే ఉంది. దారి తెలిసినవాడు నాయక్ కావడం పోయి, నాయక్ కొడుకు నాయక్ కావడం మిగిలింది. తప్పు ఎవరిదీ కాదు, పని మారింది, పద్ధతి మారలేదు.

తీజ్ పండుగను కూడా ఈ కోణంలో చూడాలని మా అభిప్రాయం. పెళ్ళి కాని ఆడపిల్లలు నాయక్ దగ్గరికి వెళ్ళి అనుమతి అడుగుతారు. బుట్టల్లో మట్టి, ఎరువు పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తూ, పాడుతూ, ఆడుతూ మొలకలను పెంచుతారు. ఎవరు నీళ్ళు తేవాలి, ఎవరు పాట ఎత్తుకోవాలి, ఎవరి ఇంటి నుంచి ఏమి రావాలి అన్నది వాళ్ళే చూసుకుంటారు. ఆ తొమ్మిది రోజులూ తండా వాళ్ళ మాట వింటుంది. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్ల ఒక పని నెత్తిన వేసుకుని చివరిదాకా నడపడం అక్కడ నేర్చుకుంటుంది. బడిలో దానికి మార్కులు లేవు కాబట్టి మనం దాన్ని చదువు అనుకోలేదు, అంతే.

ఇవన్నీ తండా లోపలి సంగతులు. తండా బయట ఇంకో లోకం ఉంది. పటేలు, పట్వారీ, గిర్దావరు, తహసీలు కచ్చేరి. ఇంట్లో గోర్ బోలి, ఊళ్ళో తెలుగు, కచ్చేరిలో ఉర్దూ. మూడు భాషల అవతల తన భూమి పట్టా ఉన్న మనిషి పరిస్థితి ఊహించండి. నాయక్ ఎంత తెలివైనవాడైనా కచ్చేరి గడప దగ్గర పట్వారీ నోటితోనే మాట్లాడాలి. పట్వారీ ఏమి రాశాడో ఆయనకు తెలియదు. భూములు పోయింది చాలావరకు ఆ గడప దగ్గరే.

నిజాం రాజ్యంలో ఈ కష్టం తండాలకే కాదు, తెలుగు మాట్లాడే అందరికీ ఉండేది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని పాఠశాలలో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అక్కడ అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. వాళ్ళు మొదట పెట్టుకున్న పనులు చాలా చిన్నవి: గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాత శాసనాలు, తాళపత్రాలు సేకరించడం, కరపత్రాలు వేయడం. నల్లగొండలో అంతకు ముందే, 1918లో, ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం వెలిసింది. దాన్ని నడిపిన షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1922లో అక్కడినుంచే 'నీలగిరి' పత్రిక తెచ్చారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు.

పుస్తకాలు పెట్టుకుంటే నాయకులు ఎట్లా అవుతారని ఇప్పటి పిల్లలు అడగవచ్చు. గ్రంథాలయం ఉండాలంటే చందా వసూలు చేయాలి, రశీదు ఇవ్వాలి, లెక్క చూపాలి. ఏడాదికోసారి సభ పెట్టాలి. అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని ఎన్నుకోవాలి. ఎవరు ఏమి మాట్లాడారో రాసిపెట్టాలి. ఆనాడు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. దాని ప్రకారం సర్కారు అనుమతి లేకుండా సభ పెట్టకూడదు. అంటే సభ కన్నా ముందు దరఖాస్తు రాయాలి, దాని వెంట తిరగాలి, అధికారి అడిగిన ప్రశ్నకు తొణకకుండా జవాబు చెప్పాలి. దినపత్రిక వస్తే చదువు వచ్చిన ఒకరు బిగ్గరగా చదవాలి, మిగతావాళ్ళు వినాలి, అడగాలి. ఇవన్నీ చేసినవాడికి తర్వాత వెయ్యిమంది ముందు నిలబడి మాట్లాడడం కష్టం కాలేదు.

1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. దానితోపాటే మహిళల సభ కూడా పెట్టారు. రెండవది 1931లో మన జిల్లాలోనే, దేవరకొండలో, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. దేవరకొండ చుట్టూ ఎటు చూసినా తండాలే. కానీ వేదిక మీద ఉన్నది వకీళ్ళు, పత్రికలవాళ్ళు, భూములున్న కుటుంబాల చదువరులు. వాళ్ళను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో అంతమాత్రం చేయడమే సాహసం. అయినా సంఘం తండా దాకా రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

ఆ పదేళ్ళకు ముందునుంచే హైదరాబాదులో ఇంకో దారి నడుస్తూ ఉంది. దాన్ని మన పిల్లలకు తప్పక చెప్పాలి. ఎం.వి. భాగ్యరెడ్డి వర్మ మాల కుటుంబంలో 1888లో పుట్టారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. హరికథలు, భజనలతో వాడవాడా తిరిగారు. 1911లో మాన్య సంఘం, తర్వాత అదే ఆది హిందూ సాంఘిక సేవా సమితి అయింది. పేరులోనే సేవ ఉంది. రోగాలు ప్రబలినప్పుడు పనిచేయడానికి యువకులతో స్వస్తిక్ దళ్ అనే స్వచ్ఛంద దళం కట్టారు. దళిత వాడల్లో బడులు తెరిచారు. జోగిని ఆచారాన్ని, కల్లును, జంతుబలిని ఎదిరించారు. తగవులు తీర్చే పంచాయతీలు కూడా నడిపారు. చూడండి, అంటువ్యాధి వచ్చిన ఇంటికి వెళ్ళి సాయం చేసిన కుర్రవాడికి జనం మీద భయం పోతుంది, జనానికి వాడిమీద నమ్మకం పుడుతుంది. ఆ వాతావరణంలో పెరిగినవాళ్ళే అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు వంటివాళ్ళు. వాళ్ళు తర్వాత భాగ్యరెడ్డి వర్మతో విభేదించి సొంత దారులు కూడా వేసుకున్నారు. ఒక సంఘం బాగా పనిచేసిందనడానికి మాకు అదే పెద్ద గుర్తు. శిష్యులు గురువుతో వాదించగలిగే స్థితికి వచ్చారు.

ఇక నల్లగొండ. 1941లో హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో, 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభలకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. భువనగిరితో మితవాదులు విడిపోయారు. మిగిలిన సంఘం ఊళ్ళలోకి వెళ్ళింది. సభ్యత్వ రుసుము తగ్గడంతో కూలివాడు కూడా రశీదు చేతపట్టుకుని 'నేను సంఘంలో ఉన్నాను' అనగలిగాడు. ఆ రశీదు ముక్క విలువ అర్థం కావాలంటే వెట్టి ఎట్లా ఉండేదో తెలియాలి. దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషికి, తన పేరు రాసి ఇచ్చిన మొదటి కాగితం అది.

సంఘం ఊరికి వచ్చి ఏమి చేసింది? ఊరి కమిటీ వేసింది. వెట్టి చేయమని తీర్మానం చేయించింది. గడి మనుషులు వస్తున్నారని కబురు మోయడం ఒకరి పని. గుంపును కూడగట్టడం ఒకరి పని. పాట పాడడం ఒకరి పని, సుద్దాల హనుమంతు పాటలు ఊరూరూ తిరిగింది అందుకే. ధాన్యం కొలిచి పంచడం, భూమి పంచేటప్పుడు ఎవరికెంత అని తేల్చడం ఇంకొందరి పని. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమి పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కకుండా ఇంటికి తెచ్చుకోగలిగింది సంఘం ఆమె వెనక నిలబడినందువల్లే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయాక పని ఆగకుండా పదింతలు అయింది. ఆ పని ఒక్క కొమరయ్య చేతిలో లేదు కాబట్టే ఆగలేదు.

జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోదే. అక్కడి ధర్మాపురం లంబాడీలు చెమటోడ్చి సాగులోకి తెచ్చుకున్న భూమిని భూస్వాములు లాక్కోజూశారు. తండా తిరగబడింది. ఆ తిరుగుబాటులోంచి వచ్చినవాడు జాటోతు ఠానునాయక్. ఆయన ఏ సభలో అధ్యక్షత వహించాడని చరిత్ర చెప్పదు. ఇటు తండాతో గోర్ బోలిలో, అటు ఊళ్ళోని రైతులతో తెలుగులో మాట్లాడి రెండు పక్షాలనూ ఒక దగ్గరికి తెచ్చిన పని ఆయనది. ఆయన కుటుంబం మొత్తం ఆ పోరాటంలో చితికిపోయింది. 1950లో ఆయన ప్రాణం తీశారు. అప్పటికి నిజాం రాజ్యం పోయి రెండేళ్ళు కావస్తోంది. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు.

ఆ తర్వాత ఏమైంది అన్నది మాకు ముఖ్యం. సూర్యాపేటలో పేద విద్యార్థుల కోసం హాస్టల్ నడిపిన బొమ్మగాని ధర్మభిక్షం ఉన్నారు. గీత పనివాళ్ళ కుటుంబంలో పుట్టినవారు. ఆ హాస్టల్లో ఉన్న పిల్లలు చదువుతోపాటు సంఘం పని కూడా నేర్చుకుని బయటికి వచ్చారు. ఆయన 1952లో సూర్యాపేట నుంచి, 1957లో మన నకిరేకల్ నుంచి, 1962లో నల్లగొండ నుంచి శాసనసభకు గెలిచారు. ఒక్కోసారి ఒక్కో నియోజకవర్గం. తర్వాత రెండుసార్లు పార్లమెంటుకు వెళ్ళారు. మధ్యలో గీత పనివాళ్ళ సంఘాన్ని కట్టి నిలబెట్టారు. అదే నకిరేకల్ నుంచి నర్రా రాఘవరెడ్డి ఆరుసార్లు గెలిచారు, 1967లో ఒకసారి, 1978 నుంచి 1994 దాకా వరసగా ఐదుసార్లు. అంతకుముందు ఆయన ఊరి సర్పంచి. ఊరి పంచాయతీ మెట్టు ఎక్కి వచ్చినవాడు కాబట్టి ఊరివాడి దరఖాస్తులో ఏముందో చదవకముందే ఆయనకు తెలిసేది. మల్లు స్వరాజ్యం భూమి ఉన్న కుటుంబంలో పుట్టి, గుండాల అడవుల్లో కోయల మధ్య రాజక్క పేరుతో పనిచేసి, తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు వెళ్ళారు.

తండాల నుంచి ఇట్లాంటి వరస ఎందుకు రాలేదు? ధైర్యం తక్కువై కాదు, ఠానునాయక్ కుటుంబమే దానికి జవాబు. మా అంచనా ఇది. సంఘం తండాకు కబురు మోసే పని ఇచ్చింది, కాపలా ఇచ్చింది, తుపాకి ఇచ్చింది. తీర్మానాల పుస్తకం ఇవ్వలేదు. కలం పట్టే పని చదువు వచ్చినవాడికి పోయింది, చదువు వచ్చినవాడు తండాలో లేడు. పోరాటం ముగిశాక తుపాకి అవసరం పోయింది, కలం అవసరం పెరిగింది. భూమి కాగితాలు, కోర్టు కేసులు, కౌలుదారీ చట్టం, ఎన్నికల జాబితాలు అన్నీ కలం పనులే. ఆ పనులు తెలిసిన కులాలు ముందుకు పోయాయి. తండాకు అమరవీరుడి పేరు, ఓటు మిగిలాయి.

అటువైపు ఆదిలాబాదులో సరిగ్గా దీనికి తలకిందులుగా జరిగింది. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీము చనిపోయాక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల స్థితి చూడమంది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. అక్కడ కలం దొరికింది. ఆ శిక్షణ పైనుంచి సర్కారు ఇచ్చింది, కిందనుంచి కట్టుకున్న సంఘం లేదు. సర్కారు మనసు మారినప్పుడు అడగడానికి ఎవరూ లేకపోయారు. ఒకచోట సంఘం ఉండి కలం లేదు. ఇంకోచోట కలం ఉండి సంఘం లేదు.

1976లో చట్టం మారి తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. హాస్టళ్ళు, ఆశ్రమ పాఠశాలలు, ఉద్యోగాలు వచ్చాయి. ఒక తరం గడిచేసరికి కలం పట్టినవాళ్ళు తండాలో పుట్టారు. కానీ వాళ్ళలో చాలామంది ఉద్యోగం వచ్చాక తండాలో ఉండరు. నల్లగొండలో, హైదరాబాదులో ఇల్లు కట్టుకుంటారు, పండుగకు కారులో వస్తారు. వాళ్ళను నిందించి ఏమి లాభం? వాళ్ళు వచ్చే ఆ రెండు రోజుల్లో మనం వాళ్ళకు ఏ పని అప్పగిస్తున్నాం అన్నది అడగాల్సిన ప్రశ్న. సాధారణంగా చందా అడుగుతాం. భూమి రికార్డు చదివి చెప్పమని, ఆర్డీవోకు దరఖాస్తు ఎట్లా రాయాలో నలుగురు పిల్లలకు నేర్పమని అడగం.

నల్లగొండ జిల్లా ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేదు. కాబట్టి 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన ప్రత్యేక అధికారాలు మనకు రావు. అమ్రాబాదు వైపు చెంచు పెంటలకు ఉన్న ఆ రక్షణ మన తండాలకు, ఎరుకల వాడలకు లేదు. మనకున్నది 2018 పంచాయతీ చట్టమే. అందులో ఉన్నవైనా వాడుకోవాలి. పారిశుధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనులు అని నాలుగు స్థాయీ సంఘాలు వేయాలని ఆ చట్టం అంటుంది. సభ్యులను గ్రామస్థుల్లోంచే తీసుకుంటారు. చెక్కు మీద సర్పంచితోపాటు ఉపసర్పంచి సంతకం కూడా ఉండాలి. సీట్లలో సగం ఆడవాళ్ళవి. కాగితం మీద చూస్తే ఒక చిన్న తండాలో కూడా పాతిక, ముప్పై మందికి పని ఉంది. ఆచరణలో ఆ కమిటీల్లో ఎవరున్నారో ఆ పేర్లున్నవాళ్ళకే తెలియని చోట్లు మాకు తెలుసు. సర్పంచి భర్త సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు, ఆమె పెడుతుంది.

ఆమెకు పని రాదని కాదు. అదే ఆమె పొదుపు సంఘంలో బ్యాంకుకు వెళ్ళి అప్పు మాట్లాడుతుంది, వాయిదా కట్టనివాళ్ళ ఇంటి ముందు కూర్చుని వసూలు చేస్తుంది. అక్కడ పుస్తకం ఆమె చేతిలో ఉంది, పంచాయతీలో లేదు.

తండా బళ్ళలో పనిచేసే ఉపాధ్యాయులకు ఒక మాట. విద్యార్థి సంఘం ఎన్నికలు పెట్టి మానిటరును ఎన్నుకోమంటే పిల్లలు ఎప్పుడూ మాట్లాడే పిల్లవాణ్ణే ఎన్నుకుంటారు. దానికి బదులు నెలనెలా పనులు మార్చి చూడండి. ఈ నెల మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క రాసే పిల్ల, వచ్చే నెల సభ జరపాలి. సభలో అన్నదాన్ని గోర్ బోలిలో ఒకరు, తెలుగులో ఒకరు రాయాలి. గోర్ బోలిని తెలుగు లిపిలో రాస్తే తప్పేమీ లేదు. 1921లో తెలుగులో మాట్లాడితే నవ్వినట్టు గ్రామసభలో గోర్ బోలి మాట్లాడితే నవ్వే అధికారులు ఇంకా ఉన్నారు. పదో తరగతి పిల్ల రెండు భాషల్లోనూ రాసి వినిపిస్తే ఆ నవ్వు అక్కడే ఆగుతుంది.

యువజన సంఘాలు ఇప్పటికిప్పుడు చేయగలిగింది కూడా ఉంది. ఒక రశీదు పుస్తకం, ఒక తీర్మానాల పుస్తకం, ఒక జమాఖర్చుల పుస్తకం కొనాలి. మూడూ కలిపి ఖర్చు ఒక ఫ్లెక్సీ కంటే తక్కువే. అధ్యక్షుడు ఏడాదికి మించి ఉండకూడదని మొదటి పేజీలోనే రాసుకోవాలి. దిగిపోయిన అధ్యక్షుడు కొత్తవాడి పక్కన మూడు నెలలు కూర్చోవాలి. తీజ్ నడిపిన ఆడపిల్లల్లో పద్దెనిమిది దాటినవాళ్ళు ఆ కమిటీలో సగమైనా ఉండాలి. 1946 నుంచి 1951 దాకా మన తండాల్లో ఎవరు కబురు మోశారు, ఎవరి ఇల్లు కాలింది, ఎవరు జైలుకు పోయారు అన్నది ముసలివాళ్ళ దగ్గర కూర్చుని రాయడం ఆ తీర్మానాల పుస్తకంలో మొదటి పని కావచ్చు. ఆ రోజులు చూసిన కళ్ళు ఇప్పుడు తొంభై దాటాయి.